పీర్ రీసెర్చర్ల రెసిడెన్షియల్ వర్క్‌షాప్‌కి మొదటిసారి సాయంగా వెళ్తున్నాను, ఏం సిద్ధం చేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: కోనసీమలో ఒక చిన్న సంస్థ 18 నుంచి 24 ఏళ్ళ లోపు అమ్మాయిలు, అబ్బాయిలు 22 మందికి ఐదు రోజుల వర్క్‌షాప్ పెడుతోంది. అక్కడే తిండి, అక్కడే పడక. చదువు మధ్యలో ఆగిపోయిన తమ ఈడు వాళ్ళని ఈ పిల్లలే కలిసి, మాట్లాడి, రాసుకొచ్చి, అర్థం చెప్పాలి. పీర్ రీసెర్చర్లంటే వీళ్ళే. మీరు ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తి చేసి, నడిపే నలుగురిలో ఒకరిగా మొదటిసారి వెళ్తున్నారు. ఏ సెషన్లు తయారు చేసుకోవాలి, ఏ పద్ధతులు చదువుకుని వెళ్ళాలి అని అడిగారు.

సూటిగా చెప్తానండి. సెషన్లకంటే ముందు పడక, భోజనం, బాత్రూమ్, ప్రయాణం సంగతి చూడండి. సాయంగా వెళ్ళినవాళ్ళ అసలు పని అదే. ఇదేదో చిన్న పని అప్పగించినట్టు అనుకోకండి. ఆ ఐదు రోజుల్లో మనం ఆ పిల్లల్ని ఎలా అడుగుతామో, వాళ్ళు చెప్పింది ఎలా వింటామో, వాళ్ళు వద్దన్నప్పుడు ఏం చేస్తామో, రేపు ఊళ్ళోకి వెళ్ళి వాళ్ళు అచ్చం అలాగే చేస్తారు. అనుమతి తీసుకోవడం గురించి గంటన్నర పాఠం చెప్పి, మధ్యాహ్నం వాళ్ళని అడగకుండా ఫొటోలు తీసి గ్రూపులో పెడితే, వాళ్ళకి గుర్తుండేది ఫొటోల సంగతే.

నేను పద్నాలుగేళ్ళుగా ఇటువంటి వర్క్‌షాప్‌లకి వెళ్తున్నాను. మొదట్లో నోట్సు రాసేదాన్ని, తర్వాత అమ్మాయిల హాలు చూసుకునేదాన్ని, ఇప్పుడు మొత్తం నడుపుతున్నాను. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపు ఎక్కువ, గోదావరి అవతల నరసాపురం వైపు కొన్ని. కింద రాసేదంతా అక్కడ చూసిందే.

తేదీ ముందు సరిచూసుకోండి. సంస్థ తేదీలు ఖాయం చేసేసినా మీరు ఒకసారి అడగండి. పొలం పనికి వెళ్ళే ఇళ్ళ పిల్లలు సార్వా (వానాకాలం వరి) నాట్లలో రారు, కోతల్లో రారు. సంక్రాంతి అయ్యాక ఖాళీగా ఉంటారు కదా అనుకుంటాం గానీ దాళ్వా (రెండో పంట వరి) నాట్లు అప్పుడే నడుస్తుంటాయి. మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజుల్లో రాజోలు వైపు బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. డిగ్రీ సెమిస్టర్ పరీక్షల తేదీలు చివరి నిమిషంలో మారుతుంటాయి. ఇక జూలై, ఆగస్టుల్లో గోదావరి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మూడో హెచ్చరిక దాకా అక్కర్లేదు, అంతకు ముందే గోదావరి పాయల మధ్య ఉండే కొన్ని లంకలకి కాజ్‌వేలు మునిగి దారి తెగిపోతుంది. 2022 జూలైలో వరద 25 లక్షలు దాటింది. ఆ నెలలో మేం అనుకున్న వర్క్‌షాప్ రద్దు చేసుకున్నాం, మాకు రావలసిన పిల్లల్లో ఆరుగురు పునరావాస కేంద్రాల్లో ఉన్నారు. అప్పటి నుంచి లంక ఊళ్ళ పిల్లలు ఉంటే ఆ రెండు నెలలు నేను ఒప్పుకోవడం లేదు. నాకు బాగా కుదిరినవి ఫిబ్రవరి రెండో సగం, సెప్టెంబరు ఆఖరి వారం.

ఇప్పుడు పడక సంగతి. నేను నోట్సు రాసే రోజుల్లో ఒక వర్క్‌షాప్‌లో రెండో రాత్రి పదిన్నరకి ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చారు. కూతుర్ని తీసుకెళ్ళిపోతానన్నారు. గొడవ చేయలేదు, గేటు దగ్గర నిలబడి "అమ్మాయిని పంపండమ్మా" అని మాత్రం అన్నారు. ఆయనకి తెలిసిందల్లా ఒక అబ్బాయి ఫోన్ చేసి "ట్రైనింగ్ ఉంది, పంపండి" అన్నాడని. ఆడపిల్లలు ఏ గదిలో పడుకుంటారు, అక్కడ పెద్దావిడ ఎవరైనా ఉన్నారా, తలుపుకి గడియ ఉందా అనేది ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి మా గుంపులో అందరికంటే బాగా ప్రశ్నలు అడిగే అమ్మాయి. ఏడుస్తూ బ్యాగు సర్దుకుంది. తప్పు ఆయనది కాదు, మాది.

అందుకే ఇప్పుడు ప్రతి అమ్మాయి ఇంటికీ ముందే వెళ్తాం. వెళ్ళేది ఒక ఆడమనిషి. ఇంట్లో కూర్చుని ఆ ఐదు రోజులూ ఎలా ఉంటాయో చెప్తాం, పడుకునే గది ఫొటో చూపిస్తాం, అమ్మాయిల హాల్లో పడుకునే మేడమ్ నంబరు ఇస్తాం. వాళ్ళమ్మగారు ఎప్పుడైనా వచ్చి చూసి వెళ్ళచ్చని చెప్తాం. నిజంగానే కొంతమంది వస్తారు. వస్తే కూర్చోబెట్టి టీ ఇచ్చి, కాసేపు సెషన్ చూడమంటాం. అబ్బాయిల ఇళ్ళకి కూడా వెళ్ళడం మంచిది, ఇంటికి ఒక్క కొడుకే సంపాదన అయినప్పుడు మరీను.

డబ్బు సంగతి కూడా ఆ రోజే తేలిపోవాలి. రొయ్యల కంపెనీకి వెళ్ళే అమ్మాయి మీ దగ్గరికి ఐదు రోజులు వస్తే ఐదు రోజుల కూలి పోయినట్టే. ఆ పైన, కంపెనీ బస్సు ఎక్కించుకునే మేస్త్రీకి ఆమె ముందే చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో ఆ పనికి కూలి ఎంతో అంత ఇవ్వమని సంస్థని అడగండి. దాన్ని గౌరవ వేతనం అనండి, ఇంకోటి అనండి, కానీ ఇవ్వండి. ప్రయాణ ఖర్చు మొదటి రోజు రాగానే చేతికి నగదుగా ఇచ్చేయాలి. ఆఖరి రోజు బిల్లులు తెస్తే ఇస్తామంటే, పంటు మీద గోదావరి దాటడానికీ షేర్ ఆటోకీ బిల్లు ఎవరిస్తారు? తిరుగు ప్రయాణానికి జేబులో ఏముందో లెక్క పెట్టుకుంటూ కూర్చున్న పిల్లకి మీ సెషన్ ఏం ఎక్కుతుంది?

చోటు చూడడానికి ముందు రోజు కాదు, వారం ముందు వెళ్ళండి. కుళాయి తిప్పి చూడండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగడానికి టిన్నులు తెప్పించాలి, తలకి పోసుకోవడానికి కూడా ఏర్పాటు ఆలోచించాలి. అమ్మాయిలు పన్నెండు మందికి బాత్రూమ్‌లు రెండే ఉంటే పొద్దున్న సెషన్ పదింటికి ముందు మొదలవదు. లోపల గడియ, లైటు, మూత ఉన్న చెత్త బుట్ట చూడండి. శానిటరీ ప్యాడ్లు బాత్రూమ్‌లోనే అందరికీ కనబడేలా పెట్టేయండి, వచ్చి అడగాల్సిన పరిస్థితి రానివ్వకండి. కాలువ పక్కన అయితే దోమతెరలు కావాలి. రాత్రి కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు నడుస్తుందో వాచ్‌మన్‌ని అడగండి. పాము కరిస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో, 108 రావడానికి ఎంతసేపు పడుతుందో కనుక్కుని నలుగురూ రాసి పెట్టుకోండి. నాకు ఒక్కసారే అవసరం పడింది. రాసి పెట్టుకున్నాం కాబట్టి కంగారు లేకుండా తీసుకెళ్ళాం, అబ్బాయి రెండు రోజుల్లో తిరిగొచ్చాడు.

భోజనం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే కులం మొట్టమొదట బయటపడేది అక్కడే. సెషన్లో గుండ్రంగా కూర్చోబెడతాం కాబట్టి అందరూ కలిసే ఉన్నట్టు కనబడుతుంది. కంచాలు పట్టుకునేసరికి పేటల వారీగా విడిపోతారు. ఒకసారి ఒక వంటావిడ అందరికీ స్టీలు గ్లాసులు పెట్టి, ఒక వైపు కూర్చున్న వాళ్ళకి మాత్రం పేపరు గ్లాసులు పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ వైపు కూర్చున్న ఒక అబ్బాయి ఆ పూట అన్నం తినలేదు. నేను దాన్ని మర్నాటి దాకా గమనించలేదు, నాకు ఇంకా బాధగా ఉంటుంది.

అప్పటి నుంచి కొన్ని పనులు తప్పకుండా చేస్తున్నాను. వంటవాళ్ళతో ముందే కూర్చుని గ్లాసులు, కంచాలు అన్నీ ఒకే రకం అని మాట తీసుకుంటాను. వడ్డించే జట్లు చీటీలు వేసి తీస్తాం, రోజూ మారుతాయి, నిర్వాహకుల పేర్లు కూడా ఆ చీటీల్లో ఉంటాయి. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు గారైనా సరే. పేరు బ్యాడ్జీ మీద ఇంటిపేరు రాయించను, పిలిచే పేరు ఒక్కటే. పరిచయాల్లో "మీ నాన్నగారు ఏం చేస్తారు" అనే ప్రశ్న పెట్టను. మన దగ్గర ఇంటిపేరు, నాన్న పని, ఏ పేట అనే మూడు తెలిస్తే అంతా తెలిసిపోయినట్టే. అలాగని కులం గురించి మాట్లాడకుండా దాటేయమనడం లేదు. మూడో రోజుకి వాళ్ళే తెస్తారు, అప్పుడు మాట్లాడాలి. మొదటి గంటలోనే వాళ్ళని దాని ప్రకారం కూర్చోబెట్టద్దనే నా మాట.

సెషన్ల విషయానికి వస్తే, మీరు చదువుకున్న పద్ధతుల్లో నాలుగైదు చాలు. ఊరి పటం, కాలపట్టిక, జంటగా ఇంటర్వ్యూ, గుంపు చర్చ, చీటీలు వేరు చేయడం. చార్టులూ స్కెచ్ పెన్నులకంటే ముగ్గు మేలు. సిమెంటు నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయమనండి, తప్పు పడితే చేత్తో తుడిచేసుకుంటారు, భయం ఉండదు. మొదట్లో అబ్బాయిలు "మాకు ముగ్గు రాదండి" అంటారు. పది నిమిషాల్లో వాళ్ళే మోకాళ్ళ మీద ఉంటారు. అమ్మాయిల గుంపు, అబ్బాయిల గుంపు ఒకే ఊరికి వేరువేరుగా వేస్తే ఏమవుతుందో చూడండి. మేం ఒకసారి అలా చేస్తే అబ్బాయిల పటంలో రామాలయం, చర్చి, ఐసు ఫ్యాక్టరీ, క్రికెట్ ఆడే దిబ్బ, రొయ్యల చెరువులు వచ్చాయి. అమ్మాయిల పటంలో చెరువులు లేవు. మంచినీళ్ళ కుళాయి, కాలేజీ బస్సు ఆగే చోటు, అక్కడి నుంచి కాలనీ దాకా వీధి దీపం లేని కాలువ గట్టు ఉన్నాయి. ఆ గట్టుని ఒక అమ్మాయి పిండి రెండుసార్లు పోసి మందంగా గీసింది. "ఎందుకు అంత లావుగా గీశావమ్మా?" అని అడిగితే "చీకటిపడితే అది అంత పొడుగు అనిపిస్తదండి" అంది. సాయంత్రం బస్సు ఆలస్యమైన రోజుల లెక్క, చదువు మానేసిన అమ్మాయిల లెక్క పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన ఆ గీత దగ్గరే పుట్టింది, మేం చెప్పింది కాదు.

ప్రశ్న ఎలా అడగాలో నేర్పడానికి మాత్రం ఒక పూర్తి రోజు ఇవ్వండి. పిల్లలకి వచ్చిన ప్రశ్నలు టీవీ విలేఖరుల ప్రశ్నలే. "మీ నాన్నగారు చదువు మాన్పించేశారా?" అని అడిగేస్తారు. జవాబు అందులోనే ఉంది, అవతలి వాళ్ళు తల ఊపడమే మిగిలింది. దాని బదులు "నువ్వు కాలేజీకి వెళ్ళడం ఆపిన నెలలో ఇంట్లో ఏమేం జరిగాయి?" అని అడిగిస్తాను. తర్వాత వచ్చే ప్రశ్న ఒకటే, "ఆ తర్వాత?" ఆ ఒక్క మాటతో అరగంట మాట్లాడించే పిల్లల్ని చూశాను. ఇంకోటి, అవతలి మనిషి ఆగిపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా మనసులో పది లెక్క పెట్టమంటాను. అది వాళ్ళకి చాలా కష్టం. మీరు జంటల మధ్య తిరుగుతూ చూడాల్సింది కూడా ఆ పది అంకెలే.

నరసాపురం వైపు ఒక ఊళ్ళో ప్రాక్టీసు ఇంటర్వ్యూకి తీసుకెళ్ళాం. ఒక అబ్బాయి అరుగు మీద కూర్చున్న అక్కతో మాట్లాడాడు. "ఏం పని చేస్తారండి?" అంటే "పనేం లేదు బాబూ, ఇంట్లోనే ఉంటాను" అంది. వాడు నీట్‌గా "పని: లేదు" అని రాసుకున్నాడు. ఆవిడ అంతసేపూ లేసు అల్లుతూనే ఉంది, ఒళ్ళో దారం ఉంది, పక్కన సంచిలో ఏజెంటుకి ఇవ్వాల్సినవి మడత పెట్టి ఉన్నాయి. సాయంత్రం ఆ కాగితం అందరి ముందు చదివినప్పుడు వాడితో వెళ్ళిన అమ్మాయి నెమ్మదిగా "మరి ఆవిడ చేతిలోది ఏంటి?" అంది. వాడు సిగ్గుపడకుండా చూసుకోవడం నా పని అయింది. ఆవిడ మాట వాడు సరిగ్గానే రాశాడు, కంటికి కనబడింది రాయలేదంతే. మర్నాడు ఆ గుంపంతా కూర్చుని ప్రశ్న మార్చుకున్నారు: "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏమేం చేశారో చెప్పండి." అదే అక్క దగ్గరికి మళ్ళీ వెళ్తే ఈసారి లేసు వచ్చింది, గేదె వచ్చింది, అత్తగారి మందులు వచ్చాయి, తమ్ముడి పిల్లలకి ట్యూషన్ వచ్చింది. ఇటువంటి తప్పు ప్రాక్టీసులోనే జరగాలి. అందుకని రెండో రోజు సాయంత్రమే ఏదో ఒక ఊళ్ళోకి తీసుకెళ్ళండి, ఆఖరి రోజు దాకా ఆగకండి.

రాసుకునేటప్పుడు వాళ్ళ యాసని దిద్దకండి. "ఎల్లిపోయాడండి" అన్నది "వెళ్ళిపోయాడు" అని, "ఇంటికాడ" అన్నది "ఇంటి వద్ద" అని మార్చేస్తారు, స్కూల్లో అలా అలవాటు చేశారు కాబట్టి. అన్నది అన్నట్టు రాయమనండి. మీరు కూడా సెషన్లో పుస్తకాల తెలుగు మాట్లాడకండి. పెద్ద మాటలు వింటే పిల్లలు తమ మాట తప్పేమో అని ముడుచుకుంటారు.

అనుమతి, రహస్యం అనే రెండింటి గురించి మాత్రం మీరు బాగా చదువుకుని వెళ్ళండి. ఇక్కడ పొరపాటు జరిగితే ఇంకొకరి బతుకు మీదకి వస్తుంది. మాట్లాడే మనిషికి 18 నిండకపోతే ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతి కావాలి, ఆ పైన ఆ పిల్ల లేదా పిల్లాడు కూడా విడిగా సరే అనాలి. అమ్మ సరే అంది కదా అని మొదలెట్టేయకూడదు. చాలా ఇళ్ళలో సంతకం అంటే భయం, ఏ కాగితం మీద పెట్టించుకుంటున్నారో అని. అలాంటి చోట చదివి వినిపించి, నోటితో చెప్పిన సరే రికార్డు చేసుకుంటాం. ఎప్పుడైనా ఆపేయచ్చు, ఆపితే ఏ పథకమూ పోదు అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. ఎందుకంటే బ్యాగు భుజానికి వేసుకుని వచ్చిన ప్రతివాళ్ళనీ గ్రామ సచివాలయం వాళ్ళే అనుకుంటారు.

పీర్ రీసెర్చర్లతో ఉన్న మంచి ఏంటంటే తమ ఈడు పిల్ల అడిగితే మనసు విప్పుతారు. చిక్కు కూడా అక్కడే ఉంది. డెల్టాలో ఊళ్ళు దగ్గర దగ్గర, ఎవరిని కదిపినా ఏదో ఒక వరస కలుస్తుంది. కాబట్టి సొంత వీధి, చుట్టాలు, క్లాస్‌మేట్లు వద్దు. లంక ఊళ్ళ పిల్లల్ని సముద్రం వైపు ఊళ్ళకి, అటు వాళ్ళని ఇటు పంపుతాం. పేరు మార్చి రాస్తే చాలనుకుంటారు, చాలదు. "గల్ఫ్ నుంచి తిరిగొచ్చి సెంటర్లో కుట్టు మిషను పెట్టుకున్న అమ్మాయి" అని రాస్తే పేరు లేకపోయినా ఆ మండలంలో అందరికీ తెలుస్తుంది. ఇది చెప్పి వదిలేయకుండా, వాళ్ళు రాసిన కాగితాలే మార్చుకుని "ఎవరో కనిపెట్టగలరా" అని ఆడించండి. ఎంత సులువుగా కనిపెట్టేస్తారో చూసి వాళ్ళే భయపడతారు, ఆ భయం మంచిదే.

ఇంకా ముఖ్యమైనది. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వద్దని వాళ్ళకి నేర్పండి, మీరు కూడా ఇవ్వకండి. 18 ఏళ్ళ లోపు పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, తెలిసిన ఎవరికైనా ఆ బాధ్యత ఉంది. కాబట్టి మాట మొదలుపెట్టేటప్పుడే ఇలా చెప్పాలి: "నువ్వు చెప్పింది బయట చెప్పను. కానీ నీకు గానీ ఇంకో పిల్లకి గానీ ప్రమాదం ఉందని తెలిస్తే మా మేడమ్‌కి చెప్పాల్సి వస్తుంది. చెప్పే ముందు నీకు చెప్తాను." ఈ నాలుగు ముక్కలు ప్రతి ఒక్కరికీ కంఠతా రావాలి.

ఇటువంటి మాటలు ఊళ్ళో కంటే ముందు మీ వర్క్‌షాప్‌లోనే బయటికి వస్తాయి, అదీ రాత్రిపూట. పగలంతా చదువు ఆగిపోవడం గురించి మాట్లాడిన పిల్లలకి తమ సంగతి గుర్తు రాకుండా ఉంటుందా? ఒక రాత్రి అమ్మాయిల హాల్లో లైట్లు తీసేశాక ఒక పిల్ల నా మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. వాళ్ళ చెల్లికి పదహారేళ్ళు, వైశాఖంలో ముహూర్తం పెట్టేశారు, తనకి కూడా అలాగే చేశారట. నేను ఆ రాత్రి సలహాలేమీ ఇవ్వలేదు. విన్నాను, మంచినీళ్ళు ఇచ్చాను, రేపు పొద్దున్న మనిద్దరం కలిసి ఏం చేయాలో ఆలోచిద్దాం అన్నాను. తెల్లారాక, ఆమెకి చెప్పి, ఆమె ఎదురుగానే చైల్డ్ లైన్ 1098కి ఫోన్ చేశాం. తర్వాత అంగన్‌వాడీలు చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ ఆ ఇంటికి వెళ్ళారు. మేం భయపడింది ఒకటే, చెప్పింది అక్కే అని ఇంట్లో తెలిస్తే ఎలా అని. ఆ మాట అధికారులకి మొదటే చెప్పాం, వాళ్ళు స్కూలు ద్వారా తెలిసినట్టు వెళ్ళారు. ఆ పెళ్ళి ఆగింది. అన్నిసార్లూ ఇలా జరగదు. కాబట్టి వెళ్ళేముందే మీ నలుగురూ కూర్చుని, ఇలాంటిది వస్తే ఎవరికి చెప్పాలి, ఎవరు ఫోన్ చేయాలి, ఆ పిల్ల పక్కన ఎవరు ఉండాలి అనేది తేల్చుకోండి. 1098తో పాటు మహిళల హెల్ప్‌లైన్ 181, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ 14416 గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించండి.

రోజు ఎలా నడపాలి అనేది క్లుప్తంగా. భోజనం అయ్యాక ఉపన్యాసం పెట్టకండి, గంట పడుకోనివ్వండి. ఆటలు, పటాలు, కదిలే పనులు మధ్యాహ్నానికి ఉంచండి. రాత్రి తొమ్మిది దాటాక ఏ సెషనూ వద్దు, అది వాళ్ళ టైమ్, పాటలు పాడుకుంటారు, ఇళ్ళకి ఫోన్లు చేసుకుంటారు. ఫోన్లు లాక్కోవడం నాకు ఇష్టం లేదు. పెళ్ళయిన అమ్మాయిలు ఉంటారు, చిన్న పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి వచ్చిన వాళ్ళు ఉంటారు. పిల్లలు పడుకున్నాక మీ నలుగురూ ఇరవై నిమిషాలు కూర్చోవాలి. అప్పుడు మీరు అడగాల్సింది "ఇవాళ ఎవరు మాట్లాడలేదు?" అని. నా దగ్గర ఒక కాగితం ఉంటుంది, 22 పేర్లు రాసుకుని మాట్లాడిన వాళ్ళకి చుక్క పెడతాను. రెండు రోజులు చుక్క లేని పిల్ల ఉంటే మర్నాడు వడ్డనలో నేను ఆ పిల్ల పక్కన నిలబడతాను. సెషన్లో అందరి ముందు పేరు పెట్టి లేపి మాట్లాడమంటే ఇంకా ముడుచుకుపోతారు, అలా చేయకండి.

ఆఖరి రెండు రోజులూ తెచ్చిన సమాచారాన్ని అర్థం చేసుకోవడానికి. ఇక్కడ మనలాంటి చదువుకున్న వాళ్ళు చేసే తప్పు ఒకటుంది, శీర్షికలు మనమే పెట్టేయడం. బట్టలు ఆరేసే తాడు కట్టి, ఒక్కో మాటా ఒక్కో చీటీ మీద రాసి క్లిప్పులతో తగిలించమంటాను, దగ్గరగా ఉన్నవి దగ్గరికి జరపమంటాను. ఒకసారి మా సహోద్యోగి ఒక గుత్తికి "ఆర్థిక కారణాలు" అని పేరు పెట్టారు. పిల్లలు కాసేపు చూసి, తీసేసి, "అన్నయ్య ఫీజు ముందు కట్టారు" అని పెట్టారు. మొదటి పేరుతో ఆ రిపోర్టు వెళ్ళి ఉంటే స్కాలర్‌షిప్ పెంచండి అనేదే సిఫారసు అయ్యేది. రెండో పేరు పెట్టాక, ఇంట్లో డబ్బు ఉన్నప్పుడు కూడా అది ఎవరికి ముందు వెళ్తుందనే ప్రశ్న వచ్చింది. వాళ్ళు పెట్టిన పేరుతో మీకు పేచీ ఉంటే అడగండి, వాదించండి, కానీ చెరపడం వాళ్ళ చేతుల్లోనే ఉండాలి. రిపోర్టు మీద రాసిన వాళ్ళుగా వాళ్ళ పేర్లు ఉండాలి, ఎవరైనా వద్దంటే తీసేయాలి. ఊళ్ళో సభ పెట్టి చెప్పేముందు మాట్లాడిన వాళ్ళకి ఒకసారి చూపించాలి, ఇది మాత్రం నేను ఎక్కడా వదులుకోను.

ఫొటోల సంగతి మళ్ళీ చెప్తున్నాను. నిధులు ఇచ్చినవాళ్ళు ఫొటోలు అడుగుతారు. మొదటి రోజే అడిగి, వద్దన్న వాళ్ళ బ్యాడ్జీకి ఎర్ర దారం కట్టండి, ఆ దారం ఉన్నవాళ్ళు ఫ్రేములో లేకుండా తీయండి. ఎందుకు వద్దు అని అడగద్దు.

వాళ్ళు ఇళ్ళకి చేరిన రాత్రి అందరికీ ఫోన్ చేయండి, మీ భాగానికి వచ్చిన ఐదారుగురికి మీరే. మళ్ళీ మూడు రోజులకి ఒకసారి. మొదటి ఫోన్లో అందరూ బాగానే చేరామండి అంటారు, అసలు మాటలు రెండో ఫోన్లో వస్తాయి.

ఒక చిన్న పని మర్చిపోతారేమో, నాలుగో రోజు పొద్దున్నే చేసేయండి. సర్టిఫికెట్ల కోసం ప్రతి ఒక్కరి చేతా పదో తరగతి మెమోలో ఉన్నట్టు వాళ్ళ పేరు వాళ్ళే రాయించి తీసుకోండి. ఉద్యోగానికి పెట్టుకునేటప్పుడు ఒక్క అక్షరం తేడా ఉన్నా పక్కన పడేస్తారు. అందులో ఇంటిపేరు ఉంటుంది కాబట్టి స్టేజి మీద చదవకుండా కవర్లో పెట్టి ఎవరిది వాళ్ళ చేతికి ఇవ్వండి.